గురజాలలో నేను విరిచిన కథ

తెనాలి కాలువల మధ్య పుట్టి పెరిగిన నాకు పల్నాడు అంటే మిరపకాయల బస్తాల మీద కనబడే ఊరిపేర్లే. నీళ్ళు తక్కువనీ, ఎండలెక్కువనీ, మాట కటువనీ మా వైపు చెప్పుకుంటారు. నేనూ యాభై రెండేళ్ళు ఆ మాటే చెప్పుకుంటూ వచ్చాను. తాలూకాలు పోయి మండలాలు వచ్చిన మరుసటి ఏడు, మాఘమాసంలో, భగవంతుడి దయవల్ల అయిదు రోజులు ఆ ఊళ్ళు చూసి వచ్చాను. వెళ్ళని వాళ్ళ కోసం, అక్కడ నేను చేసిన పొరపాటుతో సహా ఇది రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకోలేదు. మా నాన్నగారు పొద్దున్న సంధ్యావందనం అయ్యాక వీధరుగు మీద కూర్చోబెట్టి పురాణం చదివించేవారు. అదే నా చదువు. మా ఆడపడుచు సులోచన మాత్రం యూనివర్సిటీలో ఫిలాసఫీ చెబుతుంది. నేను కాపురానికి వచ్చేనాటికి తనకు తొమ్మిదేళ్ళు. జడ వేస్తుంటే, దేవుడు అన్నీ చూస్తుంటే మళ్ళీ మనం చెప్పుకోవడం ఎందుకు వదినా అని అడిగేది. తల కదపకు అనేదాన్ని. ఆ ప్రశ్నలకు జీతం ఇచ్చే ఉద్యోగం ఒకటి ఉంటుందని అప్పుడు మాకెవరికీ తెలియదు.

ఎం.ఏ.లో తనొక్కతే ఆడపిల్ల. తర్వాత ఆడపిల్లల కాలేజీలో తర్కశాస్త్రం చెప్పింది, డాక్టరేటు చేసింది, యూనివర్సిటీలో రీడరయింది. ఆడవాళ్ళు తప్పొప్పుల గురించి ఏమని ఆలోచిస్తారో అదీ తత్త్వశాస్త్రమేనని ఒక కొత్త పేపరు పెట్టించింది. తోటివాళ్ళు దానికి వంటింటి ఫిలాసఫీ అని పేరు పెట్టారట. పేరు బాగానే ఉందిగా అన్నాను నేను. అది నవ్వి ఊరుకుంది.

ఈ ప్రయాణానికి కారణం ఇదీ. పద్మ అని గురజాల అమ్మాయి ఒకతె తన దగ్గర చదువుకుంది. వాళ్ళ నాయనమ్మ శుక్రవారాల్లో ఒక నోము కథ చెబుతుందని క్లాసులో ఆ పిల్ల చెప్పింది. సులోచన ఆ కథను ఆధారం చేసుకుని పెద్ద వ్యాసం రాసి ఒక సభలో చదివింది. అప్పుడొక పెద్ద ప్రొఫెసరుగారు లేచి, మీ విద్యార్థిని కల్పించిందేమో, చెప్పినావిడ గొంతు వినిపించండి, అప్పుడు మాట్లాడదాం అన్నారట. మేము బయలుదేరిన తర్వాతి బుధవారమే సులోచనకు ప్రొఫెసరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అడిగేవాళ్ళలో ఆయనా ఒకరు. ఆలోపల ఆ గొంతు టేపు మీదికి ఎక్కాలి.

ఒంటరిగా వెళ్ళి బడిపిల్లలా కాగితాలు పట్టుకుని కూర్చుంటే పెద్దవాళ్ళు నోరు విప్పరని నన్ను రమ్మంది. నాకు నోములన్నీ తెలుసు కనుక పనికొస్తానంది. అయితే ఆ కథలో తను వెతికేదేమిటో మాత్రం నాకు చెప్పలేదు. ముందే చెబితే వినేవాళ్ళ మొహంలో తెలిసిపోతుందట, చెప్పేవాళ్ళు దానికి తగ్గట్టు కథ మార్చేస్తారట. అది తన పద్ధతి. నేను వంట చేసేటప్పుడు ఎవరైనా వెనక నిలబడి చూస్తే ఉప్పు ఎక్కువ పడుతుంది. అలాంటిదే అనుకుని ఊరుకున్నాను.

నరసరావుపేటలో టేపు రికార్డరు

బుధవారం పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికి నరసరావుపేట చేరాం. బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ తిన్నాం. మా వైపు ఇడ్లీ పక్కన కారప్పొడి అడిగితే వేస్తారు, ఇక్కడ అడక్కుండానే వేసి, చట్నీ అడిగితే ఇచ్చారు. నేను కళ్ళు తుడుచుకుంటుంటే సర్వరు మంచినీళ్ళ గ్లాసు నా దగ్గరికి జరిపి, గుంటూరోళ్ళేనా మీరు అని అడిగాడు. తెనాలి అన్నాను. అదీ అన్నట్టు తలూపి వెళ్ళాడు.

సత్రంలో దిగి పెట్టె తీస్తే టేపు రికార్డరు తిరగడం లేదు. యూనివర్సిటీ వస్తువది, సంతకం పెట్టి తెచ్చింది. బస్సులో నా కాళ్ళ దగ్గరే పెట్టుకుని వచ్చాను, ఎక్కడో దెబ్బ తగిలి ఉంటుంది. సులోచన మొహం చూసి నాకు భయం వేసింది. సత్రం వాచ్‌మన్ చెప్పిన గుర్తుల మీద రేడియోలు బాగుచేసే మస్తాన్ గారి కొట్టుకు వెళ్ళాం. ఇల్లూ కొట్టూ ఒకటే. ఆయన మూత విప్పి, లోపల రబ్బరు బెల్టు జారిందని, సాగిపోయింది కనుక కొత్తది వేస్తానని అన్నాడు. రేపు పొద్దుటికి గాని బెల్టు దొరకదట.

గురువారం పొద్దున మళ్ళీ వెళ్ళేసరికి అది సిద్ధంగా ఉంది. అయిదు రూపాయలు తీసుకున్నాడు. పరీక్షకు ఏదైనా మాట్లాడమన్నాడు. సులోచన తర్కంలో సూత్రం ఏదో చెప్పింది. నేను విష్ణుసహస్రంలో రెండు నామాలు చెప్పాను. రెండూ బాగానే పలికాయి. తెర వెనక నుంచి వాళ్ళమ్మగారు, ఇదంతా దేనికమ్మా అని అడిగారు. నోము కథల కోసమని చెప్పాను. మా ఇళ్ళల్లోనూ మొక్కు తీరితే ఆడోళ్ళం కూర్చుని కథ చెప్పుకుంటాం, ముందర చక్కెర పెట్టుకుంటాం అని ఆవిడ చెప్పారు. మాకు అక్షతలు, మీకు చక్కెర అన్నాను. చక్కెరయితే తినొచ్చు గదా అన్నారు ఆవిడ. వచ్చేటప్పుడు ఒక పొట్లం చక్కెర మా చేతిలో పెట్టారు. ఆవిడ మొహం కూడా సరిగా చూడలేదు నేను. ఆవిడకు నమస్కారం.

పిడుగురాళ్ళ దారిలో

బస్సు పిడుగురాళ్ళ దాటేటప్పటికి మా చీరలు తెల్లబడ్డాయి. సున్నపు బట్టీల పొగ, దుమ్ము. చెట్ల ఆకులు కూడా వెల్ల వేసినట్టున్నాయి. అక్కడి నుంచి ఎటు చూసినా నాపరాళ్ళే. మా వైపు దడి కట్టడానికి తాటాకో కంపో వెతుక్కుంటాం, వీళ్ళు నాపరాయి పలకలు నిలబెట్టి చేలకు గోడ కడతారు. ఇళ్ళ మీద కప్పు నాపరాయే, బట్టలుతికే బండ నాపరాయే, అరుగు నాపరాయే. రాయి లేని పల్నాటి ఇల్లు ఉండదేమో.

పద్మ నాయనమ్మ కోటమ్మగారి ఇల్లు గురజాలలో రోడ్డుకు కాస్త లోపలగా ఉంది. డెబ్భై దాటిన మనిషి. కోడలు నాగేంద్రం పొలం పనీ ఇంటి పనీ చూసుకుంటుంది. పద్మ ఉత్తరం రాసి ఉండబట్టి మాకు ముందు గదిలో నులకమంచాలు వేసి ఉంచారు. కాళ్ళు కడుక్కోవడానికి చెంబుడు నీళ్ళిచ్చి, ఇంకో చెంబు కావాలా అని అడిగింది నాగేంద్రం. ఆ నీళ్ళు ఎంత దూరం నుంచి మోసుకొస్తారో తర్వాత చూసి, అప్పుడు వద్దని ఉంటే బాగుండేదనుకున్నాను. జొన్నన్నం, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు పెట్టారు. జొన్నన్నం నాకు గొంతు దిగదనుకున్నాను. రెండోసారి వేయించుకున్నాను.

గురజాల, శుక్రవారం

మిరపకాయల రోజులు. వాకిట్లో పట్టా పరిచి ఎర్రటి కాయలు పోసి, కోటమ్మగారు, నాగేంద్రం, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఇద్దరు తాలు కాయలు ఏరుతున్నారు. తాలు అంటే ఎండలో రంగు పోయి తెల్లబడ్డ కాయ. అది బస్తాలో కలిస్తే ధర పడిపోతుంది. మేమిద్దరం కూర్చున్న అయిదు నిమిషాలకే తుమ్ములు మొదలయ్యాయి. వాళ్ళకు ఒక్క తుమ్ము లేదు.

పన్నెండు దాటాక కోటమ్మగారు చేతులు కడుక్కుని, పసుపు కలిపిన బియ్యం అందరి చేతుల్లో తలా నాలుగు గింజలు పెట్టారు. సులోచన దేవుణ్ణి నమ్మదు, నమ్మనని ఎవరి ముందూ అనదు. అక్షతలు ఎడమచేతిలోకి మార్చుకుని కుడిచేత్తో మీట నొక్కబోయింది. కుడిచేత్తో పట్టుకో అమ్మా అన్నారు కోటమ్మగారు. చివరికి మీట నేను నొక్కాను.

కథ కవ్వం గౌరి నోముది. అది మా అమ్మకూ ఉంది, నాకూ ఉంది. ఒక కోడలు మజ్జిగ చిలుకుతుంటే ఒక ముసలమ్మ వచ్చి దాహమని అడుగుతుంది. కోడలు అత్తనడక్కుండా కుండెడు మజ్జిగా పోసేస్తుంది. ఆ ముసలమ్మే గౌరి. ఇంతవరకు నాకు తెలిసిన కథే.

నాలుగు మాటలు చెప్పి కోటమ్మగారు ఆగిపోయారు. ఎవరూ ఊ కొట్టడం లేదు. నాగేంద్రమూ పొరుగు వాళ్ళూ టేపు రికార్డరును చూసి బిగుసుకుపోయారు. తన గొంతు టేపులో పడకూడదని సులోచన పెదవులు బిగించుకుని కూర్చుంది.

“ఊ అనేవాళ్ళు లేకపోతే ఎవరికని చెప్పేది? గోడక్కాదు గదా?” అన్నారు కోటమ్మగారు.

సులోచన నా వైపు చూసింది. నేను ఊ అన్నాను. కథ కదిలింది. అక్కడి నుంచి మాట మాటకూ నేనే ఊ కొట్టాను. చిన్నప్పటి నుంచి అలవాటైన పని. హాయిగా ఉంది. ఆ హాయిలోనే తప్పు జరిగింది.

అత్తగారు వచ్చి, ఎవరినడిగి పోశావే అని నిలదీసే చోటికి వచ్చాం. “అప్పుడా పిల్ల తలెత్తి అత్త మొహంలోకి చూసింది,” అన్నారు కోటమ్మగారు.

మా అమ్మ చెప్పిన కథలో పిల్ల తలెత్తదు. అత్తగారి కాళ్ళ మీద పడి తప్పయిందని ఏడుస్తుంది, ఆ వినయానికి మెచ్చి గౌరి ప్రత్యక్షమై సిరిసంపదలిస్తుంది. ఈవిడ పెద్దతనం కదా, మరిచిపోయి ఉంటారని, కథ తప్పితే నోముకు దోషమని, మంచికే అనుకుని అన్నాను.

“కాళ్ళ మీద పడింది కదమ్మా.”

కోటమ్మగారు నా మొహం ఒక్కసారి చూశారు. “పడిందిలే తల్లీ. చదువుకున్నోళ్ళు, మీకు తెలవదా,” అన్నారు. అంతే. గౌరి వచ్చింది, సిరులిచ్చింది, వాళ్ళకిచ్చినట్టు మనకూ ఇవ్వాల అని రెండు ముక్కల్లో ముగించి, చేతిలో అక్షతలు నెత్తిన వేసుకున్నారు. అందరూ వేసుకున్నారు. నేనూ వేసుకుని దణ్ణం పెట్టుకున్నాను, సాయం చేశానన్న తృప్తితో.

సులోచన మెల్లగా, ఇంకోసారి చెబుతారా అని అడిగింది. అక్షతలు నెత్తిన పడ్డాక కథ లేవదు, మళ్ళీ శుక్రవారమే అన్నారు కోటమ్మగారు, మిరపకాయల దగ్గరికి జరుగుతూ. మళ్ళీ శుక్రవారం అంటే ఇంటర్వ్యూ అయిపోయిన రెండు రోజులకు.

మాచర్ల బండి

శనివారం పొద్దున మాచర్ల బయలుదేరాం. చెన్నకేశవస్వామి దర్శనం చేయిస్తానని సులోచన ముందే మాటిచ్చింది. వద్దు, తిరిగి వెళ్ళిపోదామని అనలేదు. మీటర్ గేజీ బండి, మనిషి దిగి పక్కన నడిచినా అందుకునేట్టు పోతుంది. తను కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. కోపంగా ఉన్నట్టు లేదు. ఏమయిందని అడిగితే అప్పుడు చెప్పింది.

“నేను వచ్చిందే ఆ తర్వాత ముక్క కోసం వదినా. ఆవిడ కథలో ఆ పిల్ల కాళ్ళ మీద పడదు. పద్మ చెప్పింది.”

మళ్ళీ తనే, నీకు ముందే చెప్పి ఉండాల్సింది, నా పద్ధతి నా నెత్తిన పడింది అంది. పద్ధతి సంగతి నాకు తెలియదు గాని, నోరు నాది.

ఎదురుగా కృష్ణ అవతలి ఒడ్డు నుంచి వచ్చిన ముసలావిడ ఒకరు కూర్చున్నారు. ఏం పని చేస్తావు బిడ్డా అని సులోచననడిగారు. ఫిలాసఫీ చెబుతాను, అంటే తత్త్వం అని చెప్పింది. “తత్త్వాలు పాడ్తవా? ఒకటి పాడు మరి, బండి ఎట్లయినా మెల్లగనె పోతది,” అన్నారావిడ. సులోచనకు పాట రాదు. ఇరవై ఏళ్ళుగా తత్త్వం చెబుతూ ఒక్కటీ పాడరాకపోవడమేమిటని ఆవిడ నిజంగానే ఆశ్చర్యపోయారు. చివరికి నేనొకటి పాడాను. ఆవిడ సంచిలోంచి రేగుపళ్ళు తీసి నా ఒళ్ళో పోశారు. పాడని వాళ్ళకు లేవని సులోచనకు ఒక్కటే ఇచ్చారు. ముందురోజు మధ్యాహ్నం నుంచి సులోచన నవ్వడం అప్పుడే చూశాను.

మాచర్ల గుళ్ళో

గుడి చల్లగా ఉంది. రాతి స్తంభాల మధ్య జనం తక్కువ. శనివారం ఒంటిపూట ఉంటాను కనుక తొందరేమీ లేదు. స్వామి ఎదుట నిలబడి, సులోచనకు ఉద్యోగం రావాలని మొక్కుదామని కళ్ళు మూసుకున్నాను. మొక్కు రాలేదు. మా అమ్మ గుర్తొచ్చింది.

మా అమ్మకు నోము మధ్యలో ఏదైనా అడ్డం వస్తే, మైలపడ్డా, మాట తప్పినా, దాన్ని అలా వదిలేసేది కాదు. ఎవరివల్ల చెడిందో వాళ్ళచేత ఉపవాసం చేయించి, నోము చెప్పినావిడ దగ్గరికి పంపించి, దిద్దుబాటు అడిగి రమ్మనేది. దిద్దుబాటు ఏమిటన్నది ఆవిడ ఇష్టం. ఆవిడ ఏది చెబితే అది చెయ్యాలి. మంచి కథను నేను చెడగొట్టాను. మరి దిద్దుబాటు అడగకుండా మాచర్లలో దర్శనాలు చేస్తున్నానేమిటి అనిపించింది.

బయట పూలకొట్టు దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న సులోచనతో, రేపు మళ్ళీ గురజాలలో దిగుదాం అన్నాను. ఆవిడ చెప్పదు వదినా, బలవంతపెట్టి చెప్పించుకున్నది నాకు పనికిరాదు అంది. చెప్పమని అడగడానికి కాదు, తప్పు ఒప్పుకోవడానికి అన్నాను. సరేనంది. ఆ రోజు పళ్ళు తప్ప ఏమీ తినలేదు నేను. మాచర్ల హోటల్లో భోజనం నాలుగు రూపాయలని బోర్డు మీద ఉంది, పప్పులో నెయ్యి వేశారని సులోచన చెప్పింది.

మళ్ళీ గురజాల

ఆదివారం మేము వెళ్ళేసరికి వాకిట్లో అదే పట్టా, అవే కాయలు, అదే మనుషులు. పోగు కొంచెం తగ్గింది. కోటమ్మగారు, ఏంది తల్లీ, ఏమన్నా మరిచిపోయినారా అన్నారు.

ఆవిడ ముందు కింద కూర్చున్నాను. మీ కథ నాకు తెలియదమ్మా, తెలియకుండానే తెలిసినట్టు అడ్డం వచ్చాను, దిద్దుబాటు చెప్పండి అన్నాను. మీది రైటేలే తల్లీ, పొలం పోయి వచ్చేవాళ్ళం మాకేం తెలుసు అన్నారావిడ. ఆ మాట వెటకారంగా అనలేదు. కాస్త వెటకారంగా అని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. నిన్న ఉపవాసం ఉండి వచ్చానని చెప్పాను. ఆవిడ చేతిలో కాయ పక్కన పెట్టారు.

“ఉపాసం ఉండావా? దీనికా?”

“దీనికేనమ్మా.”

ఆవిడ పక్కవాళ్ళ వైపు చూశారు. వాళ్ళూ చూశారు. ఒకావిడ, అప్పుడెప్పుడో మీ అత్త చెప్పే కథ నాంచారమ్మ ఇరిస్తే మీరేం జేయించినారు, గుర్తుచేసుకో అంది. కోటమ్మగారు తలూపారు.

“కథ ఇరిసినోళ్ళు ముందు వాళ్ళ కథ చెప్పాల. మేం ఇంటాం. అదీ మా కాడ పద్ధతి.”

శుక్రవారం కాదు కదమ్మా అన్నాను. ఇది నోముకు చెప్పే కథ కాదు, ఇరిగిందాన్ని సరిజేసుకోటం, దానికి వారమేంది అన్నారు. అక్షతలు తెచ్చి అందరి చేతుల్లో పెట్టారు. సులోచన ఈసారి అడక్కుండానే కుడిచేతిలో పట్టుకుంది. నేను మీట నొక్కి మొదలుపెట్టాను.

సులోచనతో కలిపి అయిదుగురు ఆడవాళ్ళు ఒకేసారి ఊ కొడుతుంటే కథ చెప్పడం అంత బలంగా ఉంటుందని నాకు తెలియదు. ఊపు మీద చెప్పుకుపోయాను. మజ్జిగ చిలికాను, ముసలమ్మను తెచ్చాను, అత్తగారిని నిలబెట్టాను. “అప్పుడా పిల్ల అత్తగారి కాళ్ళ మీద పడి, తప్పయిందత్తా అని ఏడ్చింది,” అన్నాను.

ఊ రాలేదు. ఒక్కరూ అనలేదు. నాగేంద్రం నెమ్మదిగా అడిగింది.

“ఎందుకు పడిందమ్మా? దాహమన్న మనిషికి పోసింది గదా?”

మా అమ్మ అలా చెప్పింది అన్నాను. నాకు తెలిసిన జవాబు అదొక్కటే. నలభై ఏళ్ళుగా ఆ కథ చెబుతున్నాను, ఎందుకు పడిందని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవరినీ అడగలేదు. నాగేంద్రం ఇంకేదో అనబోతే కోటమ్మగారు, “ఉండవే. ఎవురి కథ వాళ్ళది. చెప్పనీ,” అన్నారు. ఊ లేకుండానే మిగతాది చెప్పుకుని ముగించాను. అంత పొడుగు ముగింపు ఎప్పుడూ చెప్పలేదు. అక్షతలు నెత్తిన వేసుకున్నారు అందరూ, ఆ మర్యాద మాత్రం తప్పలేదు.

తర్వాత కోటమ్మగారు కొత్త అక్షతలు పంచి తన కథ ఎత్తుకున్నారు. నేను ఊ కొట్టాను. ఊ తప్ప ఇంకో అక్షరం నా నోట రాలేదు.

ఆవిడ కథలో పిల్ల తలెత్తి చూసిందని అత్త బయటికి గెంటుతుంది. ఆ పిల్ల కవ్వమూ తాడూ పట్టుకుని పొలిమేర దాకా వెళ్ళి రాయి మీద కూర్చుంటుంది. గౌరి నిజరూపంతో ఎదుట నిలబడి, మేడ కావాలా, మాన్యం కావాలా, మొగుడి మనసు మారాలా, ఏం కావాలో కోరుకో అంటుంది.

“ఆ పిల్ల అన్నదీ, నాకయ్యేం వద్దు తల్లీ. నే జేసిన తప్పేందో అది చెప్పు, చాలు.”

ఊ అన్నాను.

“గౌరమ్మ ఆలోచించింది. పొద్దు వాలింది. ఆలోచించింది. తప్పు దొరకలా. నీది తప్పు కాదంటే తప్పు అత్తదయిపోయి ఆ ఇంట్లో నోము ఆగిపోద్ది, తప్పంటే తన దాహం అబద్ధమయిపోద్ది. ఏమీ చెప్పలా.”

“ఊ.”

“చెప్పలేక, ఆ రాయి మీదనే పిల్ల పక్కన కూచుంది. కూచుని, కవ్వం తాడు ఒక కొస తను పట్టుకుంది. అంతే తల్లీ కథ.”

అక్షతలు ఎవరి నెత్తిన వాళ్ళు వేసుకున్నారు. సులోచన కూడా వేసుకుంది. అప్పుడు తన మొహం చూడలేదు నేను. మీట ఆపడం కూడా మరిచిపోయాను. ఆ తర్వాత టేపులో ఉన్నదంతా కాయలు ఏరే చప్పుడు, నా తుమ్ములు.

మజ్జిగ ఇచ్చారు. సాయంత్రం గుంటూరు బండికి స్టేషన్ దాకా నాగేంద్రం తోడు వచ్చింది. దారిలో నాకొక సంచి ఇచ్చింది, తాలు ఒక్కటి లేకుండా ఏరిన మిరపకాయలు. ఆ ఏడాది మా ఇంట ఊరగాయ కారం ఆ కాయలదే. కోటమ్మగారికి, నాగేంద్రానికి, పేర్లు అడగకుండానే వచ్చేసిన ఆ ఇద్దరు పొరుగు ఆడవాళ్ళకు నేను రోజూ దీపం దగ్గర దణ్ణం పెడతాను.

సులోచన ఉత్తరం

ఇంటర్వ్యూ సంగతి నాకు తర్వాతి వారం ఉత్తరంలో తెలిసింది. ఇంతకు ముందు రెండుసార్లు అదే ఉద్యోగానికి పిలిచి, పావుగంటలో పంపించేశారట. ఒకసారి పెళ్ళి సంగతి, ఇంకోసారి లేడీస్ హాస్టల్ వార్డెనుగా కూడా చేస్తారా అన్న సంగతి అడిగారట. ఈసారి కూర్చోగానే తనే టేపు రికార్డరు బల్ల మీద పెట్టి, గొంతు తెమ్మన్నారు కదండీ, తెచ్చాను అందట. నలుగురు పెద్దమనుషులూ విన్నారట. నా కథ, ఊ ఆగిపోయిన చోటు, కోటమ్మగారి కథ, అన్నీ.

అయ్యాక ఆ పెద్ద ప్రొఫెసరుగారు, గౌరీదేవి చివరికి ఏమని చెప్పింది అని అడిగారట. ఏమీ చెప్పలేదండీ అని చెప్పిందట. అలా ఎలా ముగుస్తుంది, ఏదో చెప్పే ఉంటుంది అన్నారట ఆయన. పక్కాయన, చెప్పడానికేముంది, అడక్కుండా పోయడం తప్పే అన్నారట. మూడో ఆయన, పాలు పితికింది కోడలు, చిలికింది కోడలు, ఇక అడగాల్సింది ఎవరిని అన్నారట. అక్కడి నుంచి వాళ్ళలో వాళ్ళే పట్టుకున్నారట, ఇంటికి చెందిన వస్తువేది, దానం ఏది, తప్పు ఎవరు నిర్ణయించాలి అని. తనను మరిచిపోయారట. టీ వచ్చింది, తాగి కూర్చుందట. బయట ఇంకో అభ్యర్థి ఎదురుచూస్తున్నాడని ప్యూను రెండుసార్లు తొంగి చూశాడట.

ఉత్తరం చివర ఇలా రాసింది: “గంట దాటింది వదినా. ఆ పిల్ల తప్పేమిటో నలుగురికీ తేలలేదు. ఉద్యోగం మాత్రం నాకిచ్చారు.”